రోగి మంచం దగ్గర ఆలోచన నేర్పడం: వైద్య, నర్సింగ్ టీచర్ల కోసం ఒక మార్గదర్శి

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, ఒక నవంబరు నెలలో, నాయుడుపేట దగ్గరి పల్లె నుంచి ఒకావిడను మద్రాసు తీసుకొచ్చారు. మా నెల్లూరు వైపు ఇప్పటికీ చెన్నై అనరు, "మద్రాసు తీసుకుపోండి" అనే అంటారు. ఏడు రోజులుగా జ్వరం. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. వార్డు నిండా డెంగీ కేసులే. కేస్ షీట్ మీద నేనే "డెంగీ" అని రాశాను. మర్నాడు రౌండ్స్‌లో పీజీ అదే చదివి వినిపించారు, ప్రొఫెసర్ గారు తల ఊపి పక్క బెడ్‌కి వెళ్ళారు. మూడో రోజు రాత్రి ఆవిడకి చీర మారుస్తున్న డ్యూటీ సిస్టర్ నన్ను పిలిచి, ఎడమ రొమ్ము కింద మడతలో ఒక మచ్చ చూపించింది. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. నొక్కితే నొప్పి లేదంది. స్క్రబ్ టైఫస్. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రెండు రోజులకి జ్వరం దిగింది, ఆవిడ నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది.

స్క్రబ్ టైఫస్ గురించి పరీక్షలో అడిగుంటే నేను రెండు పేజీలు రాసేదాన్ని. ఆ పెచ్చుని ఇంగ్లీషులో ఏమంటారో, ఏ పురుగు కుడితే వస్తుందో, ఏ మందు ఇవ్వాలో అన్నీ నోటికి వచ్చు. కానీ ఆవిడ మంచం పక్కన నిలబడ్డప్పుడు ఆ రెండు పేజీల్లో ఒక్క ముక్క కూడా నాకు గుర్తుకు రాలేదు. తెలిసినదాన్ని సమయానికి వాడుకోవడం వేరే పని. అది నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన పని అని కూడా ఎవరూ అనుకోలేదు.

ఇప్పుడు చెన్నైలో పాఠం చెప్పే వైపు నిలబడి, మెడికల్ విద్యార్థులకీ నర్సింగ్ విద్యార్థులకీ ఆ పనే నేర్పుతున్నాను. చేస్తూ చేస్తూ కుదుర్చుకున్న పద్ధతి ఇది. ఫిజియోథెరపీ, ఫార్మసీ టీచర్లు కూడా కేసులు మార్చుకుని దీన్నే వాడుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు ఒక అపోహ వదిలించుకోవాలి

"సమస్యా పరిష్కారం" అనే పేరుతో రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టేస్తే పిల్లలకి ఆలోచించడం వచ్చేస్తుందని చాలా కాలేజీలు నమ్ముతాయి. రాదు. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ లెక్చర్లు తగ్గించి, మొదటి రోజు నుంచీ రోగి సమస్యతోనే పాఠం మొదలుపెట్టే పద్ధతి తెచ్చింది. దాన్ని తీర్చిదిద్దినవాళ్ళలో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు ముఖ్యులు. ఒకసారి ఆలోచించడం వస్తే ఏ కేసుకైనా పనికొస్తుందన్న ఆశ అప్పట్లో బలంగా ఉండేది. 1978లో ఆర్థర్ ఎల్‌స్టీన్, ఆయన సహచరులు అనుభవమున్న డాక్టర్లు ఎలా ఆలోచిస్తారో దగ్గరగా గమనించి ప్రచురించిన పరిశోధన ఆ ఆశకి గండి కొట్టింది. ఒక కేసు బాగా తేల్చిన డాక్టరు ఇంకో కేసు కూడా బాగా తేలుస్తారన్న గ్యారంటీ లేదని తేలింది. ఆ కేసుకి సంబంధించిన విషయం తెలిసుండాలి, అది వాడుకకి వీలుగా మనసులో అమర్చుకుని ఉండాలి.

ఆ పరిశోధనలో బయటపడ్డ ఇంకో సంగతి టీచర్లకి బాగా పనికొస్తుంది. మంచి డాక్టర్లు వివరాలన్నీ సేకరించాక ఆలోచించడం మొదలుపెట్టరు. రోగి మాట్లాడటం మొదలుపెట్టిన కాసేపటికే రెండు మూడు ఊహలు వాళ్ళ మనసులోకి వచ్చేస్తాయి. ఆ తర్వాత అడిగే ప్రశ్నలన్నీ ఆ ఊహల్ని పరీక్షించడానికే. మనమేమో విద్యార్థికి నలభై ప్రశ్నల ఫార్మాట్ ఇచ్చి, "ముందు ఇదంతా నింపు, డయాగ్నసిస్ సంగతి తర్వాత" అంటాం. పాపం, వాళ్ళు నింపుతారు. నలభై జవాబులు చేతిలో పెట్టుకుని మన ముఖం వైపు చూస్తారు.

మొదటి అడుగు: జబ్బుల జాబితా పక్కన పెట్టి, రోగి బాధల జాబితా రాయండి

మా సిలబస్ జబ్బుల పేర్లతో ఉంటుంది. రోగి ఆ పేరు చెప్పుకుంటూ రాడు. "జ్వరం", "ఛాతీలో పట్టేసినట్టుంది", "కళ్ళు తిరుగుతున్నాయి", "కాళ్ళు వాచాయి" అంటాడు. మీ ఆసుపత్రికి వచ్చేవాళ్ళు ఎక్కువగా చెప్పే బాధలు పదిహేనో ఇరవయ్యో రాసుకోండి. ఏడాది పాఠమంతా వాటి చుట్టూ కట్టండి. నర్సింగ్ వాళ్ళ జాబితా వేరేగా ఉంటుంది: మూత్రం తగ్గింది, సెలైన్ ఎక్కే చెయ్యి వాచింది, పెద్దాయన రాత్రి నుంచి తికమకగా మాట్లాడుతున్నాడు, "ఎందుకో పేషెంట్ ముఖం బాలేదు". ఆ చివరిది నర్సులకి రోజూ ఎదురయ్యే సమస్య. దానికి పాఠ్యపుస్తకంలో అధ్యాయం ఉండదు కాబట్టి మనమే తయారు చేసుకోవాలి.

ఊరినీ కాలాన్నీ బట్టి ఈ జాబితా మారాలి. చెన్నైకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ నెలల్లో ఒకే వార్డులో డెంగీ, లెప్టోస్పైరోసిస్ (లెప్టో), స్క్రబ్ టైఫస్ పక్కపక్క బెడ్లలో ఉంటాయి. ఓవర్‌హెడ్ ట్యాంకుల్లోనూ బావుల్లోనూ పెరిగే దోమ వల్ల నగరంలో మలేరియా కూడా తగులుతుంది. "జ్వరం" పాఠం చెప్పాల్సిన నెల అదే. మేలో చెబితే నోట్సులో మిగులుతుంది, నవంబరులో చెబితే సాయంత్రం వార్డుకెళ్ళి తాకి చూస్తారు.

రెండో అడుగు: కేసుని ముక్కలుగా కోయండి

నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మే పద్ధతి ఇది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మొత్తం కేసు ఒకేసారి కాగితం మీద ఇస్తే విద్యార్థి కళ్ళు నేరుగా ల్యాబ్ రిపోర్టు మీదికి వెళ్తాయి. నిజం రోగి అలా రాడు, వివరాలు ఒక్కొక్కటిగా తెలుస్తాయి. అందుకని కేసుని ఐదు చీటీలుగా రాసి, ఒకటి చదివాకే ఇంకోటి ఇస్తాను.

పైన చెప్పిన నాయుడుపేట ఆవిడ కేసులో గుర్తుపట్టే వివరాలు తీసేసి, అంకెలు మార్చి చేసుకున్న చీటీలు ఇవి.

మొదటి చీటీ. 42 ఏళ్ళ మహిళ. నవంబరు. 7 రోజులుగా జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు.

రెండో చీటీ. పొలం పని చేస్తుంది, రోజూ గట్ల మీద ఆవుకి గడ్డి కోసుకొస్తుంది. ఇంటి చుట్టూ వాన నీళ్ళు నిలిచాయి. ఇంట్లో ఇంకెవరికీ జ్వరం లేదు. రెండు రోజులుగా పొడి దగ్గు, కాస్త ఆయాసం.

మూడో చీటీ. జ్వరం 102.4. నాడి 112, బీపీ 100/70, శ్వాస నిమిషానికి 26. ఒంటి మీద దద్దు లేదు. కళ్ళు ఎర్రబడలేదు, పచ్చబడలేదు. పిక్కలు నొక్కితే నొప్పి లేదు. ఎడమ చంకలో చిన్న బిళ్ళ తగిలింది.

నాలుగో చీటీ. ప్లేట్‌లెట్లు 68,000. తెల్లకణాలు 9,800. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) 34 శాతం. కాలేయ పరీక్షలు ఎస్‌జీఓటీ 140, ఎస్‌జీపీటీ 118. కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ 0.9. డెంగీ ఎన్‌ఎస్1 నెగటివ్.

ఐదో చీటీ. ఎడమ రొమ్ము కింద సెంటీమీటరు నల్లటి పెచ్చు.

ప్రతి చీటీ తర్వాత మూడు ప్రశ్నలే అడుగుతాను. ఇప్పుడు మీ మనసులో ఉన్న మూడు జబ్బులేవి? ఈ చీటీతో ఏది పైకి వచ్చింది, ఏది కిందికి దిగింది? తర్వాత ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు, ఎందుకు? జవాబు ముందు కాగితం మీద రాయాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. రాయకపోతే క్లాసులో గట్టిగా మాట్లాడే ఇద్దరి ఆలోచనే అందరి ఆలోచన అయిపోతుంది.

చంకలో బిళ్ళ దగ్గర సాధారణంగా క్లాసు ఆగిపోతుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు. ఒకసారి వెనక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి మెల్లగా, "మేడం, ఎడమ చంకకే వచ్చిందంటే ఆ పక్కన ఎక్కడో ఏదో ఉండాలి కదా, చెయ్యీ రొమ్మూ వీపూ చూడాలి" అంది. ఐదో చీటీ ఇంకా నా చేతిలోనే ఉంది. మొదటి సంవత్సరం అనాటమీలో బట్టీ పట్టిన పాఠం ఆ అమ్మాయికి అప్పుడు అక్కరకొచ్చింది. చీటీలు కోసే ఓపిక దొరికేది ఇలాంటి నిమిషాల కోసమే.

చీటీ రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. పక్కదారి పట్టించే వివరం ఒకటైనా ఉండాలి (పై కేసులో నిలిచిన వాన నీళ్ళు). ముఖ్యమైన "లేదు"లు కూడా ఉండాలి. పిక్కల నొప్పి లేదు, హెమటోక్రిట్ పెరగలేదు అన్నవి ఉన్న లక్షణాలంత విలువైనవి. ఏడో రోజున ఎన్‌ఎస్1 నెగటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ కాదని చెప్పలేం అన్న సంగతి ఎవరైనా పట్టుకుంటారేమో చూడండి. పట్టుకోకపోతే ఆ రోజు మీరు చెప్పాల్సిన పాఠం దొరికినట్టే.

మూడో అడుగు: ఒక్క వాక్యంలో చెప్పించండి

హిస్టరీ అంతా విన్నాక "ఒక్క వాక్యంలో చెప్పు" అనండి. చాలామంది పది వాక్యాలు చెబుతారు. అక్కడే తెలిసిపోతుంది, ఏది ముఖ్యమో వాళ్ళకి తేలలేదని. మంచి వాక్యంలో మూడు ఉంటాయి: ఎవరు, ఎంత కాలంగా ఎలా, ఏ లక్షణాలు కలిసి వచ్చాయి. "గడ్డి కోసే పని చేసే మధ్య వయసు మహిళకి, వారం రోజులుగా తగ్గని జ్వరం, ఊపిరితిత్తులూ కాలేయమూ రెండూ దెబ్బతింటున్న సూచనలు, ఒక పక్కన మాత్రమే బిళ్ళ." ఇలా చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

దీనికి రోగి మాటని వైద్యం మాటలోకి మార్చుకోవడం రావాలి. "నిన్న రాత్రి నుంచి" అంటే హఠాత్తుగా, "ఆర్నెల్లుగా" అంటే దీర్ఘకాలికం, "ఈ మోకాలే" అంటే ఒక పక్క, "వస్తూ పోతూ ఉంటుంది" అంటే విడతలుగా. మార్చేటప్పుడు అర్థం జారకూడదు. చెన్నైలో ఇది మరీ జాగ్రత్తగా నేర్పాలి. సూళ్ళూరుపేట లోకల్ ఎక్కి వచ్చే మనవాళ్ళు "ఆయాసంగా ఉంది" అంటే ఊపిరి ఆడటం లేదని. తమిళంలో ఆయాసం అంటే అలసట. తమిళ విద్యార్థి నవ్వుతూ వినుకుని, కేస్ షీట్‌లో అలసట అని రాస్తాడు. గుండె ఫెయిల్యూర్‌తో వచ్చిన ముసలాయన ఆ ఒక్క మాటతో నీరసం కేసు అయిపోతాడు. అందుకని నా క్లాసులో ఒక నియమం ఉంది: రోగి అన్న మాట ముందు అదే భాషలో రాయాలి, దాని కింద మీ అనువాదం రాయాలి. "ఆయాసం అంటే మెట్లెక్కుతుంటే వస్తుందా, పడుకుంటే వస్తుందా పెద్దాయనా?" అని ఇంకో ప్రశ్న వేసి రూఢి చేసుకోవాలి. క్లాసులో తెలుగు విద్యార్థి ఎవరైనా ఉంటే వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. తెలుగు రావడం ఆ రోజు వాళ్ళకి గర్వంగా కూడా ఉంటుంది.

నాలుగో అడుగు: జబ్బుల్ని జంటగా, పక్కపక్కన పెట్టి చెప్పండి

సోమవారం డెంగీ, మంగళవారం లెప్టో, బుధవారం స్క్రబ్ టైఫస్ చెబితే విద్యార్థి మనసులో మూడు విడి గదులు తయారవుతాయి, మధ్యలో తలుపులుండవు. మూడింటినీ ఒకే రోజు, ఒకే బోర్డు మీద పెట్టండి. ఒక్కో జబ్బుకి మూడు అరలు చాలు: ఎవరికి వస్తుంది, లోపల ఏం జరుగుతుంది, బయటికి ఎలా కనిపిస్తుంది. అనుభవమున్న డాక్టర్ల జ్ఞాపకంలో జబ్బులు ఇలాంటి చిన్న కథల్లాగే ఉంటాయి.

డెంగీ: పగటి పూట కుట్టే ఏడిస్ దోమ. లోపల రక్తనాళాల గోడల్లోంచి ద్రవం బయటికి కారిపోతుంది, అందుకే హెమటోక్రిట్ పెరుగుతుంది. తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ తగ్గుతాయి. అసలు ప్రమాదం జ్వరం తగ్గే వేళకే మొదలవుతుంది. లెప్టో: ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో నడిచినవాళ్ళు. పిక్కలు ముట్టుకోనివ్వరు, కళ్ళు ఎర్రబడతాయి, ముదిరితే కామెర్లూ కిడ్నీ దెబ్బా. స్క్రబ్ టైఫస్: పొదల్లో గడ్డిలో ఉండే చిగర్ అనే సన్నటి పురుగు కాటు. కుట్టిన చోట పెచ్చు, దాని పక్కన బిళ్ళలు, రెండో వారానికి ఊపిరితిత్తులు. పెచ్చు అందరిలోనూ ఉండదు, ఉన్నా చంక, గజ్జ, రొమ్ము కింద, నడుము దగ్గర బట్టల చాటున దాక్కుంటుంది. కాబట్టి కనబడలేదని స్క్రబ్ టైఫస్‌ని కొట్టేయకూడదు, వెతకకుండా కనబడలేదని అనకూడదు.

బోర్డు నింపాక ఒకే ప్రశ్న: "ఈ మూడింటినీ విడదీసే ఒక్కొక్క గుర్తు చెప్పండి." కలిసే గుర్తులు అందరూ చెబుతారు. విడదీసే గుర్తు చెప్పడానికే ఆలోచన కావాలి.

ఐదో అడుగు: మంచం దగ్గర ఐదు నిమిషాలు

వార్డులో టైమ్ ఉండదు. నిజమే. ఔట్‌పేషెంట్ గది బయట లైను, లోపల ఇరవై మంది విద్యార్థులు. ఇలాంటి చోట వాడుకోవడానికి 1992లో అమెరికాలో నేహర్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఐదు మెట్ల పద్ధతి ఒకటి రాశారు. అయిదే మాటలు: ఒక అభిప్రాయానికి కట్టుబడమను, ఎందుకో చెప్పించు, ఒక్క సాధారణ సూత్రం చెప్పు, సరిగ్గా చేసిందేమిటో చెప్పు, తప్పు దిద్దు. వినడానికి చిన్నదిగా ఉంటుంది కానీ నా బోధనని ఇంతగా మార్చింది ఇంకోటి లేదు.

సిజేరియన్ అయిన 26 ఏళ్ళ అమ్మాయి బెడ్ దగ్గర ఒక నర్సింగ్ విద్యార్థితో జరిగిన సంభాషణ చూడండి.

"మేడం, మూడో బెడ్ స్టేబుల్‌గా ఉంది. బీపీ 116/74."

"నాడి ఎంతుందమ్మా?"

"ఎనిమిదింటికి 88, తొమ్మిదింటికి 104, ఇప్పుడు 118 మేడం."

"ఎందుకు పెరుగుతోందని నీకనిపిస్తోంది?"

"నొప్పి వల్ల అనుకుంటా మేడం."

"సరే. ఏం చూసి నొప్పి అనుకున్నావు?"

"ఆపరేషన్ అయింది కదా..." అని ఆగింది. నేనూ ఆగాను. "కానీ మేడం, నొప్పి ఎంతుందని అడిగితే ఇందాక పదికి ఐదు అంది, ఇప్పుడు మూడే అంటోంది."

"అంటే నొప్పి తగ్గుతుంటే నాడి పెరుగుతోంది."

"అయితే నొప్పి కాదేమో. గంట నుంచి యూరిన్ బ్యాగ్‌లో కూడా పెద్దగా పెరగలేదు మేడం. లోపల బ్లీడింగ్ అవుతోందా?"

ఇక్కడ పాఠం ఆపేశాం. ముందు డ్యూటీ డాక్టరుకి ఫోను, దుప్పటి తీసి ప్యాడ్లూ పొట్టా చూడటం, రెండో సెలైన్ లైను సిద్ధం చేయడం. రోగి ప్రాణం మీదికి వచ్చే సూచన కనబడితే మీ ఐదు మెట్లు ఎక్కడున్నా సరే అక్కడే వదిలేయాలి. అరగంట తర్వాత, ఆ అమ్మాయిని థియేటర్‌కి తీసుకెళ్ళాక, కారిడార్‌లో మిగతా మూడు మెట్లు పూర్తి చేశాను. సూత్రం: వయసులో ఉన్నవాళ్ళకి చాలా రక్తం పోయేదాకా బీపీ నిలబడుతుంది, నాడి ముందే పరుగెడుతుంది. సరిగ్గా చేసింది: "గంట గంటకీ నాడి చూసి రాశావు, నొప్పి ఎంతో అంకెలో అడిగావు. అవి లేకపోతే మనకి ఏమీ తెలిసేది కాదు." దిద్దాల్సింది: "ఒక్క బీపీ చూసి స్టేబుల్ అనకు. వరసగా మూడు రీడింగులు చదివి, ఎటు పోతోందో చూసి, అప్పుడు ఆ మాట వాడు."

ఇందులో అన్నిటికన్నా కష్టమైనది "నేనూ ఆగాను" అన్న చోటు. విద్యార్థి తడబడగానే జవాబు మన నోటి చివరికి వచ్చేస్తుంది. మనసులో పది లెక్కపెట్టుకోండి. పదిలోపు వాళ్ళే మాట్లాడతారు, దాదాపు ఎప్పుడూ. ఇంకో సంగతి. "ఎందుకు?" అన్న ప్రశ్న తప్పు చెప్పినప్పుడే వేస్తే, ఆ ప్రశ్న వినగానే విద్యార్థి భయపడి జవాబు మార్చేస్తాడు. సరైన జవాబుకి కూడా అదే గొంతుతో "ఏం చూసి అనుకున్నావు?" అని అడగండి. సరైన జవాబు వెనక తప్పు కారణం ఎన్నిసార్లు బయటపడుతుందో మీరే చూస్తారు.

కాస్త అనుభవం వచ్చిన హౌస్ సర్జన్లకీ పీజీలకీ పగ్గాలు తిప్పి వాళ్ళ చేతికే ఇవ్వొచ్చు: కేసు క్లుప్తంగా చెప్పి, రెండు మూడు అవకాశాలకి కుదించి, వాటిని పోల్చి, తమకి అర్థం కానిది మనల్ని అడిగి, ఏం చేయబోతున్నారో చెప్పి, ఇంటికెళ్ళి చదవడానికి ఒక్క ప్రశ్న ఎంచుకోవాలి. 2003లో స్నాప్స్ పేరుతో వచ్చిన పద్ధతి ఇదే. అందులో "నాకిది అర్థం కాలేదు" అని చెప్పడం కూడా ఒక మెట్టు. మన పిల్లలకి అది అన్నిటికన్నా ఎక్కువగా కావాలి.

ఆరో అడుగు: పరీక్ష ఫలితాన్ని చదవడం, వెయ్యి మందితో

రిపోర్టులో "పాజిటివ్" అని కనబడగానే ఆలోచన ఆగిపోతుంది. సూత్రాలతో చెబితే విద్యార్థులకి టెన్షన్, మనుషుల లెక్కలో చెబితే ఐదు నిమిషాల్లో ఎక్కుతుంది. ఒక ఊహా పరీక్ష తీసుకోండి: జబ్బున్న 100 మందిలో 90 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని 100 మందిలో 10 మందికి తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. జబ్బు అరుదుగా ఉన్న చోట 1000 మందికి చేశాం, వాళ్ళలో నిజంగా జబ్బున్నవాళ్ళు 50 మంది. వీళ్ళలో 45 మంది పాజిటివ్. మిగతా 950 మందిలో 95 మంది కూడా పాజిటివ్. మొత్తం 140 పాజిటివ్‌లలో నిజమైనవి 45, అంటే మూడో వంతు కూడా లేవు. ఇప్పుడు అదే పరీక్ష, లక్షణాలు బలంగా ఉన్న 1000 మందికి. వాళ్ళలో సగం మందికి జబ్బుంది. 450 నిజమైన పాజిటివ్‌లు, 50 తప్పుడువి. పదికి తొమ్మిది నిజం.

పరీక్ష ఒకటే, కాగితం మీద మాట ఒకటే. మారింది పరీక్షకి ముందు మనకున్న అనుమానం. ఈ లెక్క చేయించాక, ఒక్కసారి చేసిన వైడాల్ రక్తపరీక్ష పాజిటివ్ చూసి టైఫాయిడ్ అనడం ఎందుకు తప్పో విడిగా చెప్పాల్సిన పని ఉండదు. టైఫాయిడ్ తరచూ ఉండే మన దగ్గర పాత ఇన్ఫెక్షన్ తాలూకు యాంటీబాడీలు ఉన్నవాళ్ళు ఎంతోమంది.

ఏడో అడుగు: పొరపాటుని వెతికించండి

పొరపాట్లకి పేర్లు చాలా ఉన్నాయి. మొదటి ఊహకే అతుక్కుపోవడం, ఈ మధ్య చూసిన కేసే మళ్ళీ కనబడటం, ముందువాళ్ళు రాసింది ప్రశ్నించకుండా మోయడం. నా డెంగీ కేస్ షీట్‌లో ఈ మూడూ ఉన్నాయి. ఆ పేర్లు బట్టీ పట్టిస్తే మాత్రం పొరపాట్లు తగ్గవు. ఎదుటివాళ్ళ పొరపాటుకి పేరు పెట్టడం వస్తుంది, అంతే.

పనికొచ్చేది ఒక చిన్న అలవాటు. సిల్వియా మమేదె, ఆమె సహచరులు దీని మీద చాలా ఏళ్ళుగా పరిశోధనలు చేశారు. అనుకున్న జబ్బు పేరు కాగితం మీద రాసి, కింద మూడు వరసలు పెట్టాలి. దీనికి సరిపోయేవి ఏవి. సరిపోనివి ఏవి. ఇదే అయితే ఉండాల్సి ఉండీ లేనివి ఏవి. తర్వాత రెండో జబ్బుకి ఇదే, మూడోదానికి ఇదే. ప్రతి కేసుకీ ఇది చేయడం కుదరదు. కేసు చిక్కుగా ఉన్నప్పుడు, లేదా మూడో రోజుకి కూడా రోగి అనుకున్నట్టు కోలుకోనప్పుడు చేయించండి. మూడో వరస దగ్గర ఎక్కువసేపు ఉండనివ్వండి. ఆ రోజు నేను "డెంగీ అయితే హెమటోక్రిట్ పెరగాలి, తెల్లకణాలు తగ్గాలి, ఈవిడకి రెండూ లేవు" అని ఒక్క గీత రాసుంటే ఆ రాత్రే ఇంకోసారి ఒళ్ళంతా చూసేదాన్ని.

ఈ అడుగులో టీచరు తన తప్పు చెప్పుకోవాలి. నేను పైన రాసిన కథ ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. పెచ్చు చూసింది డాక్టరు కాదు, సిస్టర్ అన్న సంగతి నొక్కి చెబుతాను. అది విన్నాక నర్సింగ్ విద్యార్థులు రౌండ్స్‌లో నోరు విప్పుతారు, మెడికల్ విద్యార్థులు వాళ్ళ మాట వింటారు.

ఎనిమిదో అడుగు: పరీక్షలో కూడా అదే అడగండి

ఏడాదంతా ఆలోచన నేర్పి, చివర్లో "డెంగీ గురించి వ్యాసం రాయుము" అంటే విద్యార్థికి అసలు సంగతి అర్థమైపోతుంది. వాళ్ళు చదివేది పరీక్ష కోసం, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. 2019లో ఎంబీబీఎస్‌కి సామర్థ్యాల మీద ఆధారపడ్డ కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది, మొదటి సంవత్సరం నుంచే రోగుల్ని చూపించమంటోంది. విదేశాలకి వెళ్ళాలనుకునే మన నర్సులు రాసే ఎన్‌క్లెక్స్ లైసెన్సు పరీక్ష కూడా 2023 ఏప్రిల్ నుంచి మారింది. కేసు ఇచ్చి, ఏది గమనించావు, ఏది ముందు చేస్తావు అని అడుగుతోంది. నర్సింగ్ విద్యార్థులకి ఈ మాట చెబితే క్లాసులో శ్రద్ధ రెట్టింపు అవుతుంది.

ఇంటర్నల్ పరీక్షకి నేను వాడే ప్రశ్న ఇలా ఉంటుంది: "జ్వరంతో వచ్చిన ఈ రోగికి లెప్టో అనుకుంటున్నారు. ఇప్పుడు పిక్కలు నొక్కితే నొప్పి లేదని తెలిసింది. మీ అనుమానం పెరిగిందా, తగ్గిందా, మారలేదా? ఒక్క వాక్యంలో కారణం." మార్కుల్లో సగం కారణానికే. మాంట్రియల్‌లో బెర్నార్డ్ షార్లిన్ బృందం రూపొందించిన స్క్రిప్ట్ కన్కార్డెన్స్ పరీక్షకి ఇది ఇంటి వంట లాంటి రూపం. అసలు పద్ధతిలో జవాబుని నిపుణుల బృందం ఇచ్చిన జవాబులతో పోల్చి మార్కులు వేస్తారు. మీరు కనీసం ఇద్దరు సహోద్యోగులతో ముందే ఆ ప్రశ్నకి జవాబు రాయించి చూడండి. వాళ్ళిద్దరూ ఒప్పుకోకపోతే, అది పరీక్షకి పనికిరాకపోయినా క్లాసులో చర్చకి బ్రహ్మాండంగా పనికొస్తుంది.

తొమ్మిదో అడుగు: చివరికి ఏమైందో తెలుసుకునే దారి పెట్టండి

ఇది చాలా చోట్ల జరగదు. విద్యార్థి సోమవారం కేసు చూస్తాడు, శుక్రవారానికి పోస్టింగ్ మారుతుంది, తన ఊహ నిజమైందో కాదో ఎప్పటికీ తెలియదు. గురి చూసి బాణం వేసి, తగిలిందో లేదో చూడకుండా వెళ్ళిపోతే గురి ఎలా కుదురుతుంది?

ప్రతి విద్యార్థికీ ఒక చేతి నోటుబుక్ పెట్టించండి. ఎడమ పేజీలో తేదీ, ఒక్క వాక్యం సారాంశం, మూడు ఊహలు, ఏది ఎందుకు ముందు. రోగి పేరు, ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఐపీ నంబరు రాయనివ్వకండి, రోగి వివరాలు వార్డు దాటకూడదు. కుడి పేజీ ఖాళీగా వదలాలి. వారానికోసారి వార్డుకి తిరిగి వెళ్ళి, సిస్టర్నో పీజీనో అడిగి కుడి పేజీ నింపాలి. చివరికి తేలిన జబ్బు, ఏ రోజున ఏ ఆధారంతో తేలింది, తన ఊహల్లో అది ఉందా. లేకపోతే ఎడమ పేజీలోని ఏ ముక్క దాన్ని పట్టిచ్చేది, దాని కింద గీత గీయాలి.

నెలకోసారి శనివారం మధ్యాహ్నం నోటుబుక్కులు తెమ్మని, ఒక్కొక్కరితో పది నిమిషాలు కూర్చుంటాను. మార్కులు వేయను. కుడి పేజీలు ఖాళీగా ఉన్నవాళ్ళని మాత్రం అప్పటికప్పుడు వార్డుకి పంపిస్తాను.